మోచేతికి చుట్టకే తల్లీ!

ఆ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం పప్పులో తాలింపు పెట్టి, ఇక అన్నాలకి కూర్చుందాం అనుకుంటుంటే ఫోన్ మోగింది. మా చెల్లెలి కూతురు. హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, అదే ఈఈఈ, రెండో ఏడు. "పెద్దమ్మా" అని ఒక్క మాట అని ఊరుకుంది. ఆ వాగుడుకాయ ఊరుకుందంటే ఏదో కొంప మునిగిందనే లెక్క.

"ఏమైందే?"

"కాలేజీ నాటకంలో నాకు వేషం ఇవ్వలేదు. లైట్ల దగ్గర పడేశారు."

పడేశారట! నాకు నవ్వు ఆగలేదు. అది మరీ ఉడుక్కుంది. నేనెందుకు నవ్వానో దానికేం తెలుసు పాపం. ముప్ఫై ఏళ్ళ కిందట గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో నన్నూ సరిగ్గా అలాగే పడేశారు. గొంతు పీలగా ఉందని వేషం పీకేసి "నువ్వు వెనకాల పనులు చూసుకోమ్మా" అన్నారు. వెనకాల పనులంటే ఆడపిల్లకి ఏం చెప్తారో మీకు తెలియనిదా? చీరలకి పిన్నులు పెట్టడం, మేకప్ డబ్బా పట్టుకుని నిలబడటం, అందరికీ టీలు పోయడం. ఆ మూడూ చేశాను. నాలుగోది మాత్రం ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టాను. రిహార్సల్ అయ్యాక నేలమీద పడున్న వైర్లు ఏరి చుట్టడం.

అక్కడే తిట్లు తిన్నాను.

మనింట్లో దండెం తాడు ఎలా చుడతాం చెప్పండి? అరచేతికీ మోచేతికీ వేసి గబగబా తిప్పేస్తాం. నేనూ అలాగే తిప్పుతున్నా. లైట్లు అద్దెకిచ్చే షాపు నుంచి ఒకాయన వచ్చేవాడు, అందరం లైట్ల బాబాయి అనేవాళ్ళం. ఆయన చూసి, "అమ్మాయ్, అది బట్టలారేసుకునే తాడనుకున్నావా?" అని వైరు నా చేతిలోంచి లాగేసుకున్నాడు. ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఆయన చుట్టే తీరు చూసి నోరు తెరిచాను. ఒక చుట్టు మామూలుగా వేసేవాడు. రెండో చుట్టుకి మణికట్టు లోపలికి తిప్పి, వైరు కింద నుంచి వచ్చేలా వేసేవాడు. మళ్ళీ మామూలు చుట్టు, మళ్ళీ తిరగేసిన చుట్టు. చుట్టంతా అయ్యాక ఒక కొస నా చేతికిచ్చి, రెండోది పట్టుకుని స్టేజీ అవతలికి నడిచాడు. ఒక్క మెలిక పడితే ఒట్టు. తిన్నగా తాచుపాములా పరుచుకుంది.

మోచేతికి చుడితే ప్రతి చుట్టుకీ లోపలి రాగితీగ ఒకే వైపుకి మెలిపడుతుంది. పది నాటకాలయ్యేసరికి పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల తీగ పుటుక్కుమంటుంది. సరిగ్గా నాయిక ఏడ్చేటప్పుడు లైటు ఆరిపోతుంది. బాబాయి పద్ధతిలో మొదటి చుట్టు వేసిన మెలికని రెండో చుట్టు విప్పేస్తుంది. కొస మాత్రం చుట్టలోంచి దూరిపోకుండా చూసుకోవాలి, దూరిందా వరసగా ముడులే ముడులు. మీ ఇంట్లో ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంటుందిగా, ఇవాళే తీసి ప్రయత్నించండి. నాకు చెయ్యి తిరగడానికి వారం పట్టింది.

ఈ కథంతా చెప్పి, "ముందు వైరు చుట్టడం నేర్చుకోవే" అంటే మా పిల్ల "పెద్దమ్మా, నేను ఈఈఈ" అంది గొప్పగా. సరే, మూడు పిన్నుల ప్లగ్గు ఎప్పుడైనా విప్పి బిగించావా అని అడిగాను. నవ్వేసింది. ఆ మూడింట్లో ఎర్త్ పిన్ను మిగతావాటికంటే పొడుగ్గా ఎందుకుంటుందో అడిగాను. సాకెట్‌లో అన్నిటికంటే ముందు అది తగలాలని, తీసేటప్పుడు అన్నిటికంటే ఆఖర్న వదలాలని. పరీక్షలో రాసిందేమో గానీ చేత్తో పట్టుకుని చూడలేదు. మన చదువులకి దిష్టి తగలకుండా ఉండాలి.

లోడు సంగతీ అంతే. మా రోజుల్లో పార్ క్యాన్ అనే స్టేజీ లైటు ఒక్కోటి వెయ్యి వాట్లు. మన కరెంటు 230 వోల్టులు. అంటే ఒక్కో లైటు నాలుగు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. పదిహేను ఆంపియర్ల పాయింటు మీద మూడు లైట్లు పెడితే పదమూడు. నాలుగోది పెట్టకూడదు. ఈ లెక్క నాకు నోటికొచ్చు. అయినా ఏం చేశానో వినండి, ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

అది మా కాలేజీ వార్షికోత్సవం. మూడు లైట్లున్న లైను మీదే మేకప్ గదిలో ఒక సాకెట్టు ఉంది. నాయకుడి పంచె నలిగిందని ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టుకుంటామన్నారు. "కానీండి, రెండు నిమిషాలేగా" అన్నాను. అదే సందని ఇంకెవరో టీ కాచడానికి హీటరు పెట్టారు. అంతా కలిపి ఇరవై నాలుగు ఆంపియర్లు! ఫ్యూజు వెంటనే పోతుందనుకుంటాం, పోదు. అది కాసేపు ఓర్చుకుంటుంది, ఆ కాసేపట్లో గోడలో వైరు కాగిపోతుంది. అసలు ప్రమాదం అదే. సరిగ్గా తండ్రి పాత్ర ప్రాణం వదిలే ఘట్టంలో టప్పుమని మొత్తం చీకటి. ప్రేక్షకులు అది కావాలని చేసిన బ్లాకౌట్ అనుకుని చప్పట్లు కొట్టారు. డైరెక్టర్ గారు కూడా "బాగా పట్టావమ్మా టైమింగ్" అని భుజం తట్టారు. నేను నోరు మెదపలేదు. బాబాయి మాత్రం కాలిన ఫ్యూజు తీగ తెచ్చి నా అరచేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. తిడితే బాగుండేది.

ఇప్పుడు ఎల్ఈడీలొచ్చాక ఆ భయం చాలావరకు తగ్గింది. తక్కువ కరెంటుతో బోలెడు రంగులు. లైట్లని నడిపే ఒక్క డీఎంఎక్స్ లైనులో 512 ఛానెళ్ళుంటాయి. ఒక్కో లైటుకి ఏడు ఛానెళ్ళు అనుకుంటే మొదటిదానికి 1, రెండోదానికి 8, మూడోదానికి 15 అని అడ్రసులు పెట్టుకుంటూ పోవడమే. మా పిల్లకి ఇది గంటలో వచ్చేసింది, నాకు ఇప్పటికీ కళ్ళజోడు కావాలి. కానీ చవకరకం ఎల్ఈడీల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి తెలుపు చేస్తారు చూడండి, ఆ తెలుపులో మనుషుల మొహాలు పదిరోజులు జ్వరం పడి లేచినట్టుంటాయి. నా ఓటు ఇప్పటికీ పాత హాలోజన్‌కే. ఇంకా చాలా హాళ్ళలో అవే ఉన్నాయి కూడా. వాటి బల్బు మారుస్తున్నప్పుడు గాజుని వేలితో ముట్టుకోకూడదు. ఆవకాయ కలిపిన చెయ్యనే కాదు, సబ్బుతో కడుక్కున్న చేతికీ జిడ్డుంటుంది. జిడ్డంటిన చోట గాజు మరీ వేడెక్కి, ఉబ్బి, పగులుతుంది. గుడ్డతోనో, అది వచ్చిన కాగితంతోనో పట్టుకోవాలి.

లైట్లు బిగించడానికి నిచ్చెన ఎక్కడం గురించి మా అమ్మకి చెప్పినప్పుడు ఇంట్లో జరిగిన రభస ఇక్కడ రాయను. మా నాయనమ్మ బాధ వేరే. చీకట్లో పనిచేసేవాళ్ళు గాజులు, పట్టీలు తీసెయ్యాలి. పైనుంచి వేలాడే మైకులు గాజుల గలగలని కూడా హాలంతా వినిపిస్తాయి. "మంగళవారం పూట బోసి చేతులేంటే" అని ఆవిడ గోల. చున్నీ తీసేసి, జడ గట్టిగా ముడేసి, నల్లబట్టలేసుకుని, చెప్పులు కాదు, బూట్లేసుకుని పోవాలి. స్పానర్‌కి తాడు కట్టి మణికట్టుకి తగిలించుకోవాలి, జారినా ఎవరి నెత్తినా పడకుండా. పైపుకి లైటు బిగించగానే సేఫ్టీ గొలుసు వెయ్యాలి, వేశాకే చెయ్యి వదలాలి.

ఒక్క విషయంలో మాత్రం నేను ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేకపోయింది. పైపుకి తాడు కట్టే ముడి ఒకటి చూపించి, ఇది చాలా ముఖ్యం, రాకపోతే పదిసార్లు అభ్యాసం చెయ్యండి అన్నాడు బాబాయి. చూస్తే ఏముంది, మా ఊళ్ళో గేదెను గుంజకి కట్టే ముడే! కాలేజీలో టౌను పిల్లలంతా తంటాలు పడుతుంటే నేను కళ్ళు మూసుకుని వేసేశాను. ఆరోజు నుంచే బాబాయి నన్ను నిచ్చెన ఎక్కనిచ్చాడు.

ఇంకో అనుభవం, ఇది చీరలకి సంబంధించినది కాబట్టి చెవి ఒగ్గండి. కోపం, రక్తపాతం ఉన్న ఘట్టానికి ఎర్ర లైటు వేద్దామని నేనే సలహా ఇచ్చాను. నాయికకి చిలకాకుపచ్చ పట్టుచీర తెచ్చారు, వాళ్ళత్తగారిదట, బతిమాలి తెచ్చింది. ఎర్ర లైటు వేయగానే ఆ చీర నల్లగా, మసిగుడ్డలా అయిపోయింది. పిల్ల మొహం వాడిపోయింది. ఆకుపచ్చ బట్ట ఎరుపుని మింగేస్తుంది, తిరిగి మన కంటికి పంపడానికి దాని దగ్గరేం మిగలదు. అప్పటినుంచి ఏ నాటకానికైనా చీర, జాకెట్టు తెచ్చి ముందు లైటు కింద పట్టి చూడందే ఖాయం చెయ్యను. ఇప్పుడు బట్టల షాపులో కూడా చీరని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి ఎండలో చూస్తా. షాపువాళ్ళు విసుక్కున్నా సరే.

వెలుగు ఎటునుంచి పడాలో తెలుసుకోవడానికి పుస్తకాలున్నాయి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన స్టాన్లీ మెక్‌కాండ్లెస్ 1932లో ఒక పద్ధతి రాసి పెట్టాడు. నటుడి మొహానికి రెండు పక్కల నుంచీ 45 డిగ్రీల ఎత్తులో రెండు లైట్లు, ఒకటి వెచ్చటి రంగు, ఇంకోటి చల్లటి రంగు. ఇప్పటికీ కాలేజీల్లో ముందు అదే చెప్తారు. కానీ మా పిల్లకి నేను పుస్తకం చెప్పలేదు. వినాయకచవితికి తెచ్చే మట్టిబొమ్మ ఒకటి పెట్టుకుని, గదిలో లైట్లార్పి, ఫోన్ టార్చితో చుట్టూ తిరగమన్నా. ఎదురుగా వేస్తే బొమ్మ అప్పడంలా చదునైపోతుంది. నడినెత్తిన వేస్తే కళ్ళు గుంటలైపోతాయి. గడ్డం కింద నుంచి వేస్తే సాక్షాత్తూ దెయ్యం. వెనకనుంచి వేస్తే అంచు మాత్రం వెలిగి, గోడ నుంచి విడివడి ముందుకొచ్చినట్టుంటుంది. పొద్దున తొమ్మిదింటికి వాకిట్లో పడే ఎండలా కాస్త పక్కగా, కాస్త పైనుంచి వేస్తే అప్పుడు బొమ్మలో ప్రాణం కనిపిస్తుంది. రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసి, "పెద్దమ్మా, తొండం నీడ కదులుతోంది" అని గంతులేసింది.

అసలు "ఆడపిల్లకి స్టేజీ వెనక పనులేంటి" అనేవాళ్ళు ఒకసారి సురభి వాళ్ళ నాటకాన్ని సైడ్ వింగ్‌లో నిలబడి చూడాలి. 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్ళో "కీచక వధ"తో మొదలైన కుటుంబ నాటక సమాజం వాళ్ళది. అంతకుముందు వాళ్ళది తోలుబొమ్మలాట. వెలుగు తెర వెనక పెడితే బొమ్మ ఎలా బతుకుతుందో తాతల నాటినుంచీ తెలిసినవాళ్ళు. ఆడవేషాలు మగవాళ్ళే వేసే రోజుల్లోనే వాళ్ళింటి ఆడవాళ్ళు స్టేజీ ఎక్కారు. నాకు పదేళ్ళప్పుడు మా ఊరి దగ్గర పందిరి వేశారు. "మాయాబజార్". నేను జనంలోంచి జారుకుని పక్కకి పోయి, గుడ్డ సందులోంచి తొంగిచూశా. శశిరేఖ వేషం కట్టిన ఆవిడ ఒక చేత్తో తాడు లాగుతోంది, ఇంకో చంకలో పాపాయి. అవతల స్టేజీ మీద నారదుడు మబ్బుల్లోంచి దిగుతున్నాడు! నారదుడి కాళ్ళు నేలకి ఆనగానే తాడు గుంజకి కట్టేసి, పాపాయిని ఎవరి చేతిలోనో పెట్టి, ముంగురులు సర్దుకుని వెలుగులోకి నడిచి వెళ్ళి పద్యం అందుకుంది. జనం నారదుణ్ణి చూసి చప్పట్లు కొట్టారు. నేను ఆవిడ అరచేతుల మీద తాడు ఒరుసుకున్న ఎర్రటి గీతలు చూస్తూ ఉండిపోయాను.

వాళ్ళ పద్ధతి కూడా గమనించండి. ముందొక పరదా దించి, దాని ముందు చిన్న సీను నడిపిస్తారు. ఈలోగా పరదా వెనక అడవి తీసి అంతఃపురం పెట్టేస్తారు. ఇంటిల్లిపాదికీ ఏ మూల ఏ తాడో తెలుసు. బాణాలు తీగల మీద జారి వచ్చి ఢీకొని నిప్పులు రాలుతుంటే పిల్లలమంతా కేకలు పెట్టేవాళ్ళం. తర్వాత్తర్వాత బి.వి. కారంత్ అంతటి దర్శకుడు వచ్చి వాళ్ళతో కూర్చుని నాటకాలు చేయించారు. వాళ్ళలో రేకందార్ నాగేశ్వరరావు గారికి, అదే బాబ్జీ గారికి, 2013లో పద్మశ్రీ వచ్చింది. హైదరాబాద్‌లో ఉండే పిల్లలకి లింగంపల్లి వైపు సురభి కాలనీ ఎంత దూరం? మాల్‌కి వెళ్ళినంత సేపు పట్టదు.

లైటింగ్ అనగానే మా లైట్ల బాబాయి దణ్ణం పెట్టే పేరు తాపస్ సేన్. 1959లో కలకత్తా మినర్వా థియేటర్‌లో ఉత్పల్ దత్ "అంగార్" నాటకం ఆడించినప్పుడు, బొగ్గు గనిలోకి నీళ్ళు దూసుకొచ్చి కార్మికులు మునిగిపోయే ఘట్టాన్ని ఆయన లైట్లతోనే చేశారు. చుక్క నీరు లేకుండా! ఆ కాలంలో వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్లు ఖరీదు. మన నాటకాలవాళ్ళు ఉప్పునీళ్ళతో చేసుకునేవాళ్ళు. కుండలాంటి దాంట్లో ఉప్పునీళ్ళు పోసి, అడుగున ఒక లోహపు బిళ్ళ, పైనుంచి తాడుతో దించే ఇంకో బిళ్ళ. రెండూ దగ్గరయ్యేకొద్దీ లైటు వెలుగుతుంది, దూరమయ్యేకొద్దీ ఆరుతుంది. బాబాయి కుర్రతనంలో దాని మీద పనిచేశాడట. అమ్మలూ, ఇది కథగా వినడానికే, ఇంట్లో ప్రయత్నించారంటే ప్రాణాల మీదికొస్తుంది.

సెట్టు పనికి మాత్రం వంటింటి చెయ్యి బాగా పనికొచ్చింది. రీపర్లతో ఎనిమిదడుగులు బై నాలుగడుగుల చట్రం కొట్టి, దానికి గాడా గుడ్డ బిగించి, మైదా జిగురు పట్టించాలి. మైదా ఉండలు కట్టకుండా కాయడం మగపిల్లలెవరికీ రాలేదు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వెయ్యాలని అంతకన్నా తెలియదు. (మైలుతుత్తం విషం. ఆ గిన్నె మళ్ళీ వంటింటి మొహం చూడకూడదు.) జిగురు ఆరేసరికి గుడ్డ డప్పులా బిగుస్తుంది. దాని మీద సున్నితంగా బొమ్మలేస్తే దండగ, ముప్ఫై అడుగుల దూరానికి కనబడవు. స్పాంజి ముంచి మొరటుగా అద్దితేనే ఇటుకగోడ.

షో నడిపించేటప్పుడు నా ఒళ్ళో స్క్రిప్టు. ప్రతి లైటు మార్పుకీ పక్కన పెన్సిలుతో ఒక క్యూ నంబరు. పెన్సిలే ఎందుకంటే డైరెక్టర్లు ఆఖరి రోజు దాకా మారుస్తూనే ఉంటారు. "స్టాండ్‌బై పద్నాలుగు" అంటే చెయ్యి స్లైడర్ మీద పెట్టాలి, "గో" అంటేనే కదపాలి. హెడ్‌సెట్‌లో ఆ "గో" అనే మాట ఇంకెందుకూ వాడకూడదు. మా ఫ్రెండొకతె "నేను టిఫిన్‌కి గో" అన్నందుకు తెల్లారాల్సిన సూర్యుడు రెండు పేజీలు ముందే తెల్లారాడు.

ఇదంతా మోజుగా ఉండి చదువుకుంటానంటే దారులున్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, తెలుగు విశ్వవిద్యాలయంలో, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల చదువులున్నాయి. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ళది. కానీ డిగ్రీ మీదో, ఇంజినీరింగ్ మీదో ఉండగానే చేతికి మట్టి అంటించుకోవచ్చు. మన దగ్గర పరిషత్తు నాటికల పోటీలు లేని ఊరేది? వాటిలో ఒక నాటికకీ ఇంకోదానికీ మధ్య సెట్టు మార్చుకోవడానికి నిమిషాలే ఇస్తారు. ఏదో ఒక సమాజం వాళ్ళని అడిగి, సెట్టు చట్రాలు మోస్తానంటే కాదనేవాళ్ళుండరు.

అక్కలా రెండు మాటలు చెప్తా, వినండి. రిహార్సల్ రాత్రి పదకొండు దాటితే ఇంటి దగ్గర ఎవరు దింపుతారో మొదటిరోజే అడగండి. మొహమాటపడొద్దు. రెండోది, కొత్తలో నిచ్చెన పట్టుకోమంటారు, పట్టుకోండి. అది కూడా పనే, పైవాడి ప్రాణం మీ చేతుల్లో ఉంటుంది. కానీ నెల తర్వాత కూడా పట్టుకోవడమే మీ పనైతే, "ఇవాళ నేనెక్కుతా, మీరు పట్టుకోండి" అని అడగాలి. మా పిల్ల మూడో వారమే అడిగింది. ముందు ఇకఇకలు, పకపకలు. దానికి మాత్రమే మెలికల్లేకుండా వైరు చుట్టడం వచ్చు కాబట్టి దాన్ని పోగొట్టుకోలేక ఒప్పుకున్నారు.

నిన్న రాత్రి వాళ్ళ షో. పన్నెండున్నరకి ఫోన్. చప్పట్ల గురించి చెప్తుందనుకున్నా.

"పెద్దమ్మా, ఇరవై రెండో క్యూ అర సెకను లేటయింది. ఎవరూ గమనించలేదు గానీ..."

"నువ్వు గమనించావుగా. సర్లే, వైర్లన్నీ తీశారా?"

"అదే చుడుతున్నా. అందుకే స్పీకర్‌లో పెట్టా" అంది. అంతలో అటు తిరిగి ఎవరినో గదమాయించడం వినిపించింది. "ఒరేయ్, మోచేతికి చుట్టకురా!"